వాయించనప్పుడే ఎక్కువ కాలే పెట్టె: ఏసీ-30 ట్యూబు ఆంప్లిఫైయరు వేడి లెక్క

ట్యూబు గిటారు ఆంప్లిఫైయరు కొన్నవారికి మొదటి నెలలోనే ఒక అనుమానం మొదలవుతుంది. అరగంట సాధన చేసి, పెట్టెను కాస్త పక్కకు జరుపుదామని పైనున్న పిడి పట్టుకోబోతే, గాలి జాలీల్లోంచి ఇస్త్రీపెట్టె సెగ వంటిది చేతికి తగులుతుంది. వెనకనుంచి తొంగి చూస్తే గాజు బుడ్డీల్లో నారింజ రంగు వెలుగు కనిపిస్తుంది, కాలిన దుమ్ము వాసన వస్తుంది. అమ్మినవారిని అడిగితే “ట్యూబు ఆంప్ అంటే అంతేనండీ, పైగా ఇది క్లాస్-ఎ” అంటారు. ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌కు చూపిస్తే “ఇంత వేడిలో ఏ పార్టూ నిలవదు, ఫ్యాన్ పెట్టించుకోండి” అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు గానీ, ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే వేడి గురించి కాదు. ఈ పెట్టెలో మూడు వేరువేరు కారణాలతో పుట్టే వేడి కలిసిపోయి ఉంటుంది. ఒకటి ట్యూబు పనిచేయడానికి తప్పనిసరిగా కావలసినది, రెండవది తయారీదారు తెలిసి ఎంచుకున్నది, మూడవది ఏదో ఒక భాగం చెడిపోవడం వల్ల వచ్చినది. చేతికి మూడూ ఒకలాగే తగులుతాయి కాబట్టే ఇంత గందరగోళం. వీటిని విడదీసి చూడటానికి, వేడికి పేరుపడిన ఒక ఆంప్లిఫైయరునే తీసుకోవడం మేలు. అది ఇంగ్లండుకు చెందిన వాక్స్ ఏసీ-30.

ముప్ఫై వాట్ల కోసం పట్టుబట్టిన కాలం

లండనుకు తూర్పున, కెంట్ కౌంటీలోని డార్ట్‌ఫర్డ్ పట్టణంలో టామ్ జెన్నింగ్స్ నడిపిన సంగీత వాయిద్యాల సంస్థ 1958లో ఏసీ-15 అనే పదిహేను వాట్ల ఆంప్లిఫైయరును తెచ్చింది. దానిని రూపొందించినవారు డిక్ డెన్నీ. గిటారు బృందాల కచేరీలకు జనం పెరిగి, కేకల మధ్య ఆ పదిహేను వాట్లు చాలక, ద షాడోస్ వంటి బృందాలు ఇంకా పెద్ద ధ్వని కావాలని అడగడంతో 1959లో ఏసీ-30 వచ్చింది. ఏసీ-15లో రెండు ఈఎల్84 ట్యూబులు ఉంటే ఇందులో నాలుగు పెట్టారు, ఒక స్పీకరుకు బదులు రెండు పన్నెండంగుళాల స్పీకర్లు అమర్చారు. తరువాత బీటిల్స్ చేతుల్లో, ఆపై క్వీన్ బృందానికి చెందిన బ్రయన్ మే వెనక వరుసగా నిలబడి ఈ పెట్టె ప్రసిద్ధి పొందింది.

ఈఎల్84 నిజానికి గిటారు కోసం పుట్టిన ట్యూబు కాదు. 1950లలో ఐరోపాలో ఇళ్లలోని రేడియోలకు, రికార్డు ప్లేయర్లకు చివరి మెట్టు ఆంప్లిఫైయరుగా వాడేందుకు తెచ్చిన చిన్న ట్యూబు అది. మన తాతల ఇళ్లలో స్విచ్ వేసిన అరనిమిషానికి గానీ పలకని వాల్వు రేడియోలది కూడా ఇదే కుటుంబం. రేడియోలో అది ఒంటరిగా, సుమారు 250 వోల్టుల వద్ద, గదికి సరిపడా ధ్వని ఇస్తూ నిమ్మళంగా బతికేది. ఏసీ-30లో అదే ట్యూబును నలుగురిని ఒకే ఇంట్లో ఇరికించినట్టు పక్కపక్కనే నిలబెట్టి, 320 వోల్టులకు పైగా ఇచ్చి, హాలు నిండే ధ్వని అడిగారు. వేడి కథంతా ఈ మార్పులోనే మొదలవుతుంది.

ట్యూబులో ఏం కాలుతుంది

ట్యూబు అంటే గాలి తీసేసిన గాజు బుడ్డి. దాని నడుమ కాథోడ్ అనే సన్నని లోహపు గొట్టం ఉంటుంది. ఆ గొట్టం లోపల ఫిలమెంటు ఉంటుంది. ఫిలమెంటు కాథోడ్‌ను ఎర్రగా కాలిస్తే, కాథోడ్ పైపూత నుంచి ఎలక్ట్రాన్లు బయటికి ఎగురుతాయి. వాటిని బయటి వైపున్న ప్లేటు అనే లోహపు తొడుగు, తన మీదున్న వందల వోల్టులతో లాక్కుంటుంది. నడుమ ఉండే గ్రిడ్ అనే సన్నని తీగ చుట్ట ఈ ప్రవాహానికి పంటకాలువ తూము వంటిది. దాని మీద వోల్టేజి కాస్త అటూ ఇటూ మారితే ప్లేటుకు చేరే కరెంటు చాలా మారుతుంది. గిటారు తీగ కదలిక ఈ గ్రిడ్‌కు చేరి, పెద్దదై, ప్లేటు నుంచి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా స్పీకరుకు వెళ్తుంది. ఈఎల్84లో స్క్రీన్ అనే మరో గ్రిడ్ కూడా ఉంటుంది. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

ఇందులో ఫిలమెంటు వేడి తప్పనిసరిది. ఈఎల్84 ఫిలమెంటుకు 6.3 వోల్టుల వద్ద 0.76 ఆంపియర్లు కావాలి, అంటే సుమారు 4.8 వాట్లు. నాలుగింటికి 19 వాట్లు. ముందు మెట్లలోని ఈసీసీ83 తరహా చిన్న ట్యూబులకు ఒక్కోదానికి 1.9 వాట్ల చొప్పున, ఆరు ఉన్నాయనుకుంటే 11 వాట్లు. ఏసీని డీసీగా మార్చే జీజెడ్34 రెక్టిఫైయరు ట్యూబుకు 9.5 వాట్లు. గిటారు ప్లగ్ పెట్టకముందే, ఒక్క స్వరమైనా వినిపించకముందే, సుమారు 40 వాట్లు కేవలం కాథోడ్‌లను కాల్చడానికి ఖర్చవుతున్నాయి. దీనిని తగ్గించే ఉపాయం లేదు, తగ్గించకూడదు కూడా. ఫిలమెంటు చల్లబడితే ట్యూబు పలకదు.

దీనికి నాలుగు ఈఎల్84లు లాగే ప్లేటు, స్క్రీన్ కరెంట్లను కలపాలి. మొత్తం 200 మిల్లీఆంపియర్లు, సరఫరా 330 వోల్టులు అనుకుంటే 66 వాట్లు అవుతుంది. చిన్న ట్యూబులకు మరో మూడు వాట్లు. అన్నీ కలిపితే 110 వాట్ల దగ్గర తేలుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ల నష్టం దీనికి అదనం. పాత వంద వాట్ల బల్బును చెక్కపెట్టెలో పెట్టి వెలిగించి, మూడు గంటల తరువాత పెట్టె ఎందుకు వేడెక్కిందని అడిగినట్టే ఉంటుంది లెక్క. అందువల్ల పెట్టె పైభాగం వేడిగా ఉండటం ఒక్కటే చూసి ఏ నిర్ణయానికీ రాలేము.

నిశ్శబ్దంలోనే ఎక్కువ వేడి

చాలామందికి వింతగా అనిపించే విషయం ఇక్కడుంది. ఏసీ-30 పవర్ ట్యూబులు గట్టిగా వాయిస్తున్నప్పటికంటే, ఆన్ చేసి ఊరికే వదిలేసినప్పుడు ఎక్కువ కాలతాయి.

కారణం బయాస్ అనే అమరికలో ఉంది. సంకేతం లేనప్పుడు ట్యూబులో ఎంత కరెంటు పారుతూ ఉండాలో నిర్ణయించేదే బయాస్. కొన్ని ఆంప్లిఫైయర్లలో గ్రిడ్‌కు విడిగా ఒక రుణ వోల్టేజి ఇచ్చి ఆ కరెంటును తక్కువగా ఉంచుతారు. దానిని ఫిక్స్‌డ్ బయాస్ అంటారు. అది ఖాళీగా ఉన్నప్పుడు కాస్త చల్లగా ఉండి, వాయించినప్పుడు వేడెక్కుతుంది. ఏసీ-30లో అలా కాదు. నాలుగు పవర్ ట్యూబుల కాథోడ్‌లను ఒకటిగా కలిపి, వాటికీ భూమికీ నడుమ ఒకే 50 ఓమ్‌ల రెసిస్టరు పెట్టారు. ట్యూబుల కరెంటు దాని గుండా పోతూ కాథోడ్ వోల్టేజిని పైకి లేపుతుంది, ఆ మేరకు గ్రిడ్ దానికంటే కిందికి ఉన్నట్టవుతుంది. ట్యూబులు ఎక్కువ లాగితే వాటికవే కళ్లెం బిగుస్తుంది, తక్కువ లాగితే సడలుతుంది. ఇదే కాథోడ్ బయాస్.

ఈ ఆంప్లిఫైయరులో ఖాళీ సమయపు కరెంటును చాలా ఎక్కువగా పెట్టారు. సంకేతం లేనప్పుడు సరఫరా నుంచి వచ్చే శక్తికి పోయే దారి వేరే లేదు కనుక అది దాదాపుగా ప్లేట్ల మీదనే వేడిగా మిగులుతుంది. వాయించడం మొదలుపెట్టగానే అందులో కొంత భాగం స్పీకరుకు వెళ్లిపోతుంది, ప్లేట్లకు ఆ మేరకు బరువు తగ్గుతుంది. కచేరీ విరామంలో ఆంప్‌ను ఆన్‌లో ఉంచి టీకి వెళ్లినవారు, దానికి విశ్రాంతి ఇచ్చామని అనుకుంటారు. స్టాండ్‌బై (ఫిలమెంట్లను వెలిగించే ఉంచి ప్లేటు కరెంటును ఆపే స్విచ్) వేయకపోతే, ట్యూబుల వైపునుంచి చూస్తే అది రోజులోకెల్లా కష్టమైన ఇరవై నిమిషాలు.

“క్లాస్-ఎ కాబట్టి వేడి” అన్న మాట ఎంతవరకు నిజం

ప్రతి ట్యూబులోనూ సంకేతం మొత్తం చుట్టు పొడుగునా, క్షణమైనా ఆగకుండా కరెంటు పారుతూ ఉంటే ఆ పద్ధతిని క్లాస్-ఎ అంటారు. ఒక ట్యూబు కొంతసేపు పూర్తిగా ఆగి, దాని జోడీ ట్యూబు ఆ భారం మోస్తే అది క్లాస్-ఎబి. ఏసీ-30ని దశాబ్దాలుగా క్లాస్-ఎ అనే ప్రచారం చేశారు. ఆ పేరు సరైనదనేవారి వాదన ఏమిటంటే, కాథోడ్ బయాస్, అధిక ఖాళీ కరెంటు, మృదువుగా విరిగే ధ్వని ఇవన్నీ క్లాస్-ఎ లక్షణాలే, మామూలు స్థాయిలో వాయించినప్పుడు ట్యూబులు నిజంగానే ఆగకుండా నడుస్తాయి. కాదనేవారు చూపేది కేవలం గణితం. క్లాస్-ఎ పద్ధతిలో సరఫరా నుంచి తీసుకున్న శక్తిలో సగానికి మించి స్పీకరుకు ఇవ్వడం సిద్ధాంతరీత్యానే సాధ్యం కాదు. ఈఎల్84 ప్లేటు భరించగల వేడికి తయారీదారులు ఇచ్చిన హద్దు 12 వాట్లు. నాలుగింటికి 48. ఆ హద్దులో ఉంటే క్లాస్-ఎలో రాగలది గరిష్ఠంగా 24 వాట్లు, ఆచరణలో ఇంకా తక్కువ. పెట్టె మీద ముప్ఫై అని రాసి, నిజంగానే ముప్ఫై దాటి ఇస్తోందంటే, పూర్తి ధ్వని దగ్గర అది క్లాస్-ఎబిలోకి జారుతోందన్నమాట.

నాకు రెండవ వాదనే బలంగా కనిపిస్తుంది. అయితే దానివల్ల వేడి విషయం కొట్టుకుపోదు. ధ్వని తక్కువగా ఉన్నప్పుడు ఇది క్లాస్-ఎ లాగే నడుస్తుంది, వేడికి కారణమూ అదే. “క్లాస్-ఎ కాబట్టి” అన్న జవాబులోని చిక్కు వేరు. ఎంత వేడి అన్న ప్రశ్నను అది అడగనివ్వదు.

పన్నెండు వాట్ల హద్దు, పదిహేను వాట్ల వాడుక

ఆ ‘ఎంత’ను ఒక ఉదాహరణతో లెక్క కడదాం. 50 ఓమ్‌ల రెసిస్టరు మీద 10 వోల్టులు కనిపించాయి అనుకుందాం. వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే 0.2 ఆంపియరు, అంటే 200 మిల్లీఆంపియర్లు. నాలుగు ట్యూబులూ సమానంగా పంచుకుంటే ఒక్కోదానికి 50. ఇందులో 5 శాతం స్క్రీనుకు పోతుందనుకుంటే ప్లేటుకు మిగిలేది 47.5. ప్లేటుకూ కాథోడ్‌కూ నడుమ 320 వోల్టులుంటే, రెండింటి గుణకారం 15.2 వాట్లు. పన్నెండు వాట్ల హద్దుకు ఇది నాలుగోవంతు కంటే కాస్త ఎక్కువగానే మించింది. ప్లేటు వోల్టేజికి ఇచ్చిన 300 వోల్టుల హద్దు కూడా దాటిపోయింది. ఇందులో ఏ భాగమూ చెడిపోలేదు. రూపకల్పనే అలా ఉంది. పైన చెప్పిన మూడింటిలో రెండవ రకం వేడి ఇదే.

దీనిని మార్చాలా వద్దా అన్నచోట అభిప్రాయాలు చీలతాయి. 50 ఓమ్‌ల రెసిస్టరు తీసి 68 గానీ 82 గానీ పెట్టాలనేవారు ఒక పక్షం. పై ఉదాహరణనే కొనసాగించి చూస్తే, 68 ఓమ్‌లు పెట్టినప్పుడు మొత్తం కరెంటు సుమారు 160 మిల్లీఆంపియర్లకు దిగి, ఒక్కో ప్లేటు మీద 12 వాట్ల చిల్లర మిగులుతుంది. 82 పెడితే 11 వాట్లలోపుకు వస్తుంది. రూపాయల్లో కొలిచే ఒక రెసిస్టరుతో వేలల్లో ఖర్చయ్యే ట్యూబుల ఆయువు పెరుగుతుందన్నది వీరి మాట. ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

రెండవ పక్షం ఈ పెట్టెను ఎవరైనా కొనేదే ఆ ధ్వని కోసమని గుర్తుచేస్తుంది. తీగను గట్టిగా మీటినప్పుడు మెత్తగా నొక్కుకుని, తరువాత నెమ్మదిగా విప్పారే ఆ స్వభావానికి ఎక్కువ ఖాళీ కరెంటు కూడా ఒక కారణం, దానిని తగ్గిస్తే ఏసీ-30 మరో ఆంప్‌లా పలుకుతుందని వీరి అభ్యంతరం. పైగా తొలి దశాబ్దాల్లో ఐరోపా కర్మాగారాల్లో తయారైన ట్యూబులు ఈ పదిహేను వాట్లను భరించాయనీ, లోపం రూపకల్పనది కాక నేటి ట్యూబుల నాణ్యతది అనీ అంటారు. ఇందులో నిజముంది. కాగితం మీది హద్దు దాటినంత మాత్రాన ట్యూబు ఆ క్షణమే చావదు, ఆయువు మాత్రం తగ్గుతుంది. 7189 అనే దగ్గరి చుట్టం ట్యూబుకు ప్లేటు వోల్టేజి హద్దు 400, అందుకే కొందరు దానివైపు వెళ్తారు. కానీ అది వోల్టేజిని తట్టుకునే శక్తి మాత్రమే, వాట్లను కాదు. వోల్టేజి తట్టుకునే ట్యూబు వేడిని కూడా తట్టుకుంటుందని అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

నా తూకం ఇది: ఇంట్లో సాధనకు వాడేవారికి 68 వల్ల పోయే ధ్వని చెవికి ఆనేంత పెద్దది కాదు. వేదిక మీద ఆంప్‌ను చివరిదాకా తిప్పి వాయించేవారికి ఆ తేడా తెలియవచ్చు, వారు ట్యూబులను వినియోగ వస్తువుగా లెక్క వేసుకుంటారు.

గోడ ప్లగ్గులోంచి వచ్చే వేడి

ఇంతవరకు చేసిన లెక్క, ఆంప్‌కు ఏ వోల్టేజి ఇవ్వాలో అదే ఇస్తున్నామన్న నమ్మకం మీద నిలిచింది. తెలుగు నేల మీద ఆ నమ్మకం కొంచెం ఖరీదైనదే. ఇళ్లకు ప్రకటించిన వోల్టేజి 230 అయినా, ట్రాన్స్‌ఫార్మరు పక్కవీధిలోనే ఉంటే అర్ధరాత్రి 250 దాటడం, ఊరి చివర సాయంత్రం 200కు పడిపోవడం మీటరు పెట్టి చూసినవారికి కొత్త కాదు. షామియానా కింద జనరేటరు మీద నడిచే పెళ్లి ఆర్కెస్ట్రాల సంగతి చెప్పనక్కరలేదు.

230కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 253 వచ్చిందనుకుందాం. పది శాతం. ప్లేటు వోల్టేజి పది శాతం పెరుగుతుంది, దానితో కరెంటు కూడా రమారమి అంతే పెరుగుతుంది. రెండూ గుణిస్తే 1.1 × 1.1, అంటే 1.21. పదిహేను వాట్లు పద్ధెనిమిది దాటుతాయి. ఫిలమెంటు 6.3కు బదులు 6.9 వోల్టులతో మండుతుంది. ఏ భాగమూ చెడలేదు, ఎవరూ పొరపాటు చేయలేదు. అయినా ట్యూబు హద్దుకు ఒకటిన్నర రెట్లు వేడి మోస్తోంది. అమెరికాలో కొని తెచ్చిన ఆంప్‌ను సగానికి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిపేవారికీ ఇదే వర్తిస్తుంది. గోడలో 250 ఉంటే దించిన తరువాత 125 వస్తుంది, పాత అమెరికన్ ఆంప్‌లు 117 చుట్టూ చేసినవి. ఇక్కడ మాత్రం స్టెబిలైజరు దండగ ఖర్చు కాదు. కొందరు జీజెడ్34 తీసి దాని స్థానంలో సిలికాన్ డయోడ్లు పెట్టుకుంటారు. ట్యూబు రెక్టిఫైయరులో పడిపోయే పదిహేను ఇరవై వోల్టులు అప్పుడు పడిపోవు, పవర్ ట్యూబుల మీదికి ఎక్కుతాయి. వేడితో బాధపడే పెట్టెకు ఇది కొరివితో తల గోక్కోవడమే.

చెడిపోయినందువల్ల వచ్చే వేడి: ఒక ఉదాహరణ

మూడవ రకాన్ని కంటితో గుర్తుపట్టవచ్చు. గదిలో దీపాలు ఆర్పి, ఆంప్ వెనకనుంచి పవర్ ట్యూబులను చూస్తే, మామూలు స్థితిలో కాథోడ్ దగ్గరి నారింజ చుక్క, నడుమ సన్నని గీత మాత్రమే కనిపిస్తాయి. ప్లేటు బూడిద రంగులో, చీకట్లో కలిసి ఉంటుంది. తేడా వచ్చినప్పుడు ఆ బూడిద రంగు తొడుగు మీదనే, ముందు అతుకు వెంబడి, కుంపట్లో ఆరిపోబోయే బొగ్గు వంటి మసక ఎరుపు పుడుతుంది. కొన్ని నిమిషాల్లో అది పక్కలకు పాకుతుంది. దీనినే ప్లేటు ఎర్రబడటం అంటారు. గాజు మీద కొన్నిసార్లు కనిపించే నీలం మెరుపు వేరు, అది ఎక్కువసార్లు హాని లేనిది. ప్లేటు ఎరుపు మాత్రం ఆంప్‌ను అప్పటికప్పుడు ఆపవలసిన సంకేతం.

దానికి తరచుగా కారణమయ్యేది కప్లింగ్ కెపాసిటర్. ముందు మెట్టు ట్యూబు ప్లేటు మీది డీసీని ఆపి, సంగీతాన్ని మాత్రమే పవర్ ట్యూబు గ్రిడ్‌కు పంపడం దాని పని. వయసు మళ్లిన కెపాసిటర్ కొద్దిగా డీసీని కూడా కారనిస్తుంది. అటువైపు 200 వోల్టులు, గ్రిడ్ నుంచి భూమికి 220 కిలోఓమ్‌ల రెసిస్టరు, కెపాసిటర్ లీకు 20 మెగాఓమ్‌లకు సమానం అనుకుందాం. మామూలు మల్టీమీటరుతో చూస్తే ఆ కెపాసిటర్ నిక్షేపంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ గ్రిడ్ మీద 2.2 వోల్టులు వచ్చి కూర్చుంటాయి. ఆ కెపాసిటర్ ద్వారా సంకేతం అందుకునే రెండు ట్యూబులు 50కి బదులు సుమారు 66 మిల్లీఆంపియర్లు లాగి, ప్లేటు మీద 20 వాట్లు మోస్తాయి. ఉమ్మడి రెసిస్టరు మీద వోల్టేజి లేచినందువల్ల అవతలి రెండూ 41కి దిగి చల్లబడతాయి. నాలుగు ట్యూబుల్లో ఒక వైపు రెండే ఎర్రబడి, ట్యూబులను అటూ ఇటూ మార్చినా ఎరుపు అదే చోట ఉండిపోతే, తప్పు ట్యూబుది కాదు. కొత్త ట్యూబులు కొని పెట్టినా వాటికీ ఇదే గతి.

ఫ్యాను ఏం చేయగలదు, ఏం చేయలేదు

మెకానిక్ ఇచ్చిన ఫ్యాను సలహాకు వద్దాం. ప్లేటు చుట్టూ గాలి లేదు. అది శూన్యంలో ఉంది. పాలగిన్నె చల్లారినట్టు గాలి తగిలి చల్లారే అవకాశం దానికి లేదు, సూర్యుడి వేడి మనకు చేరినట్టు కిరణాల రూపంలో తన వేడిని గాజు వైపు విసరడమే దానికున్న దారి. అందువల్ల ఫ్యాను గాజును చల్లబరుస్తుంది గానీ ప్లేటు ఉష్ణోగ్రతను పెద్దగా మార్చదు. ఎర్రబడిన ప్లేటును ఫ్యానుతో నయం చేయలేము.

అలాగని ఫ్యాను వృథా కాదు. అది కాపాడేది ట్యూబుల పక్కన ఉన్నవాటిని. సరఫరాను నునుపుచేసే ఎలెక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు వేడి అంటే ఆయువు కరిగిపోవడం. వాటి లోపలి తడి ఆరిపోతూ ఉంటుంది. ప్రతి పది డిగ్రీలు తగ్గితే ఆయువు రెట్టింపు అవుతుందన్నది ఇంజనీర్లు వాడే స్థూల సూత్రం. 85 డిగ్రీల వద్ద 2,000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటర్ ఒకటి తీసుకుందాం. గది 25 డిగ్రీలున్న డార్ట్‌ఫర్డ్ వేసవిలో పెట్టె లోపల అది 65 దగ్గర ఉందనుకుంటే, 8,000 గంటలు రావాలి. రోజుకు రెండు గంటల చొప్పున పదకొండేళ్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. అదే పెట్టెను ఆ కార్తెలో 42 డిగ్రీల గదిలో పెడితే లోపల 82 అవుతుంది, ఆయువు 2,500 గంటలకు దిగుతుంది. మూడున్నరేళ్లు కూడా కాదు. ఏడాదంతా రోహిణి కార్తె ఉండదు కాబట్టి నిజమైన అంకె ఈ రెండింటి నడుమ ఉంటుంది. 105 డిగ్రీల రకం పెడితే ఇదంతా నాలుగు రెట్లు మెరుగవుతుంది, ధరలో తేడా స్వల్పం.

ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో భయం తరచుగా అవసరానికి మించి ఉంటుంది. చేయి ఆన్చి ఉంచలేనంత వేడి అంటే అరవై డిగ్రీల పైచిలుకు. సాధారణ ఇన్సులేషన్ తరగతికి హద్దు 105. చేయి పెట్టలేకపోవడం మన చర్మపు హద్దే గాని రాగి తీగది కాదు. వార్నిష్ కాలిన వాసన వస్తే మాత్రం సంగతి వేరు.

పెట్టె నిర్మాణం కూడా ఇందులో పాత్రధారే. ఫెండర్ వారి చాలా ఆంప్‌లలో ట్యూబులు తలకిందులుగా వేలాడతాయి, వేడి పైనున్న చాసీ అనే లోహపు చట్రంలోకి ఎక్కుతుంది. ఏసీ-30లో ట్యూబులు నిటారుగా నిలబడి వేడిని పైజాలీల గుండా వదులుతాయి. కాబట్టి ఆ జాలీల మీద గిటారు సంచీ పెట్టడం, వెనక భాగాన్ని గోడకు ఆనించడం ఇటుకబట్టీ పొగగొట్టానికి మూత వేయడం వంటిది.

స్పీకరు, అటెన్యుయేటరు, స్టాండ్‌బై

స్పీకరు ఓమ్‌లు ఆంప్ మీద రాసినదానికంటే ఎక్కువైనప్పుడు ప్లేటుకంటే ముందు స్క్రీన్ దెబ్బతింటుంది. ఈఎల్84 స్క్రీనుకు హద్దు 2 వాట్లే. స్పీకరే లేకుండా గట్టిగా వాయిస్తే వేడికంటే ఘోరమైనది జరుగుతుంది. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉవ్వెత్తున లేచే వోల్టేజి ఇన్సులేషన్‌ను చీల్చుకుని పోతుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవారు ధ్వని తగ్గించడానికి వాడే అటెన్యుయేటరు, ఆంప్ ఇచ్చిన శక్తిని స్పీకరుకు బదులు తనలో వేడిగా మార్చుకుంటుంది. దానివల్ల ఆంప్‌కు నేరుగా హాని లేదు. కాకపోతే చెవికి నెమ్మదిగా వినిపిస్తోంది కదా అని రోజూ గంటల తరబడి ఆంప్‌ను పూర్తి స్థాయిలో నడిపే అలవాటు పడుతుంది. స్టాండ్‌బై విరామాల్లో ప్లేటు కరెంటును ఆపుతుంది కనుక అప్పుడు ఉపయోగమే, గంటల తరబడి అలా వదిలేస్తే మాత్రం కాలుతూ కరెంటు పారని కాథోడ్ క్రమంగా మొద్దుబారుతుంది.

ఒక్క అంకె చాలదు

కాథోడ్ రెసిస్టరు మీద వోల్టేజి చూస్తే ఆంప్ ఆరోగ్యం తెలిసిపోతుందన్న నమ్మకం బాగా వ్యాపించి ఉంది. ప్లగ్ తీసిన తరువాత కూడా 300 వోల్టులకు పైగా దాచుకోగల కెపాసిటర్లున్న పెట్టె కాబట్టి, ఆ కొలత తెలిసినవారి చేతనే తీయించడం మంచిది. అయితే ఆ అంకె చెప్పేది నలుగురి ఉమ్మడి పద్దు, ఎవరి వాటా ఎంతో చెప్పదు.

మన ఉదాహరణలో నాలుగు ట్యూబులతో 10 వోల్టులు ఉన్నాయి. ఒక ట్యూబు ఫిలమెంటు తెగి ఆరిపోయిందనుకుందాం. మొత్తం కరెంటు నాలుగోవంతు పడిపోయి 7.5 వోల్టులు కనిపించాలని తోస్తుంది. అలా జరగదు. వోల్టేజి దిగడంతో మిగిలిన మూడింటికి కళ్లెం సడలుతుంది, అవి చచ్చిన ట్యూబు వాటాను కూడా నెత్తిన వేసుకుంటాయి. లెక్క కడితే మొత్తం 180 మిల్లీఆంపియర్ల దగ్గర, రెసిస్టరు మీద 9 వోల్టుల దగ్గర నిలుస్తుంది. మీటరులో కనిపించే తేడా ఒక్క వోల్టు. గోడ వోల్టేజి కాస్త తగ్గినా అంత తేడా వస్తుంది, ఎవరూ పట్టించుకోరు. కానీ మూడు ట్యూబులలో ఒక్కోటి ఇప్పుడు 60 మిల్లీఆంపియర్లు లాగుతూ, పదిహేనుకు బదులు పద్ధెనిమిది వాట్లు మోస్తోంది. ధ్వని కొద్దిగా మందగిస్తుంది, ఆగదు. పెట్టె పైనుంచి వచ్చే సెగ కూడా నిన్నటిలాగే ఉంటుంది, లోపల కాలే మొత్తం వాట్లు స్వల్పంగా తగ్గాయి కాబట్టి. ఈ పరిస్థితిని చేయి గానీ మీటరు గానీ పట్టివ్వవు. దీపాలార్పి వెనకనుంచి చూసినవారికి, వెలగని నాలుగో బుడ్డీ కనిపిస్తుంది.